అమ్మ చేతి ముద్ద లెక్కలోకి రాదు

వగీహ్ మీద చెయ్యి చేసుకునేంత కోపం వచ్చింది నాకు ఆ రోజు. స్కానింగ్ విభాగం వరండా నిండా జనం ఉన్నారు కాబట్టి ఆగాను గానీ, లేకపోతే చెంప పగలగొట్టేదాన్నే. వాడు నా మరిది. నేను కాపురానికి వచ్చేటప్పటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు, వాడి బడి యూనిఫాం నేనే కుట్టాను. ఇప్పుడు ముప్ఫై దాటిన మనిషి, మన్సూరా పట్నం రూటులో మైక్రోబస్సు నడుపుతాడు. నా భర్త ప్రాణం వాడి పొట్టలో ఉంది.

ఊరికే అనడం లేదు. నా భర్త రిఫాత్ కాలేయం గట్టిపడి, ముడుచుకుపోయి, ఇక పనికిరాకుండా పోయింది. మా దేశంలో చనిపోయినవాళ్ళది తీసి పెట్టరు. బతికున్న మనిషి, అదీ సొంతవాళ్ళు, తమ కాలేయంలో కొంత కోసి ఇవ్వాలి. నా రక్తం కలవలేదు. మా కూతురు ఇంకా బడికెళ్ళే పిల్ల. అత్తగారికి వయసు దాటిపోయింది. మిగిలింది వగీహ్ ఒక్కడే. వాడి రక్తం కలిసింది, గుండె బాగుంది, వాడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు కూడా. ఆసుపత్రి గేటు ఎదురుగానే కాలేయం వేపుడు శాండ్‌విచ్‌ల బండి ఒకటుంటుంది. "డాక్టర్లు వద్దంటే చెప్పు వదినా, నాది ఆ బండివాడికి అమ్మేద్దాం," అని నవ్వించాడు మమ్మల్ని మొదటి రోజున. అడ్డం వచ్చింది కొవ్వు.

మొదటి స్కాన్‌లో వాడి కాలేయంలో పద్నాలుగు శాతం కొవ్వు తేలింది. "పది దాటితే మేం కొయ్యం," అని డాక్టర్ మొహ్గా ఖరాఖండిగా చెప్పేసింది. "కొవ్వున్న ముక్క అన్న ఒంట్లో సరిగ్గా పనిచెయ్యదు. కోస్తే తమ్ముడూ సరిగ్గా కోలుకోడు. రెండు నెలలు టైమిస్తాను. నెయ్యి, స్వీట్లు, కూల్‌డ్రింకులు మానేసి, రోజూ నడిచి కరిగించుకురావాలి." ఆ మాట అన్నప్పుడు ఆ గదిలో మేం నలుగురం ఉన్నాం. రిఫాత్, వగీహ్, నేను, మా అత్తగారు హాజ్జా దౌలత్.

ఆ రెండు నెలలూ నేను వాడి వెంట పడ్డాను. తెల్లారగానే నడకకు తరిమేదాన్ని. కాలవ గట్టు మీద వాడు ఆయాసపడుతూ నడుస్తుంటే తోటి డ్రైవర్లు హారన్లు కొట్టి, "ఏంట్రా పెళ్ళికొడుకా, బస్సు అమ్మేశావా?" అని ఏడిపించేవాళ్ళు. నేను దర్జీ పని చేస్తాను కదా, శుక్రవారం శుక్రవారం టేపు తీసి వాడి నడుం కొలిచేదాన్ని. నడుం తగ్గింది. రెండు ప్యాంట్లు లోపలికి కుట్టిచ్చాను కూడా. పైన మా వాటాలోకి వెళ్ళి రిఫాత్‌కి ఆ మాట చెప్పి, ఆయన పచ్చబడిన కళ్ళలో కాస్త వెలుగు చూసి, నేనే ఏదో గెలిచినట్టు సంబరపడ్డాను.

రెండో స్కాన్ రోజున వాడు ఆ గొట్టంలోకి వెళ్ళాడు. అద్దానికి ఇవతల నేనూ అత్తగారూ నిలబడ్డాం. లోపల యంత్రం రేకుల మీద సుత్తి పెట్టి బాదుతున్నట్టు మోగుతోంది. "గాలి పీల్చు, బిగబట్టు," అని మైకులో చెప్తున్నారు. వాడు బిగబట్టినప్పుడల్లా నేనూ బిగబట్టాను. అత్తగారు జపమాల తిప్పుతూ ఉంది.

"పంతొమ్మిది," అంది డాక్టర్ మొహ్గా తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. "తొమ్మిదా డాక్టరమ్మా?"

"పంతొమ్మిది. పెరిగింది."

"నడుం తగ్గింది కదా. నేనే కొలిచాను."

"నడుం తగ్గిందమ్మా, అదీ కనిపిస్తోంది." ఆమె తెర నా వైపు తిప్పింది. "చర్మం కింద కొవ్వు ఇదీ. పోయినసారి కంటే పల్చబడింది. నడక వల్ల. కాలేయం లోపలిది వేరు. ఆ అయస్కాంతం నీటిని వేరుగా, కొవ్వుని వేరుగా పట్టి చూపిస్తుంది, దాని దగ్గర దాపరికం ఉండదు. ఈ కాలేయానికి ఎక్కడి నుంచో చక్కెర, నెయ్యి బాగా అందుతున్నాయి. తిండి దగ్గర మీవాడు మోసం చేస్తున్నాడు."

ఆ తర్వాతే వరండాలో నేను వాడి మీద చెయ్యెత్తబోయాను.

"నీకు ఇష్టం లేకపోతే మొదటే చెప్పి చావలేకపోయావా?" అన్నాను. గొంతు తగ్గించాలని కూడా అనిపించలేదు. "ఒప్పుకున్నట్టు ఒప్పుకుని, దొంగతనంగా మెక్కి, మమ్మల్ని పిచ్చివాళ్ళని చేస్తావా? మీ అన్న పొట్ట చూశావా? నీళ్ళు పట్టి కుండలా అయిపోయింది. ఉప్పు లేని కూడు తింటున్నాడు రెండేళ్ళుగా. నువ్వు రెండు నెలలు నోరు కట్టుకోలేకపోయావా?"

"నబీ మీద ఒట్టు వదినా, నేనేం తినలేదు." వాడి మొహం పాలిపోయింది. "నువ్వు కట్టిచ్చిన డబ్బా తప్ప ఏమీ ముట్టలేదు. స్టాండులో టీ కూడా చక్కెర లేకుండానే తాగాను. నన్ను చూసి అందరూ నవ్వుతున్నారు."

"మరి గాల్లోంచి వచ్చిందా పంతొమ్మిది?"

"నాకేం తెలుసు? ఆ మిషన్‌నే అడుగు."

అత్తగారు మధ్యలోకి వచ్చింది. "వదిలెయ్ అమ్మా ఇన్సాఫ్, నలుగురిలో ఏంటిది. అల్లా రాసిపెట్టినట్టు అవుతుంది," అంది మెత్తగా. ఆవిడ గొంతులో నాకు కోపం గానీ దిగులు గానీ వినపడలేదు. ఇంకో రెండు నెలలు గడువు ఇచ్చారు. రిఫాత్‌కి అంత సమయం ఉందా అని నేనడిగితే డాక్టర్ మొహ్గా "చూద్దాం" అంది. ఆ మాట ఎంత చెడ్డదో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు.

ఇల్లు మూడంతస్తులు. కింద అత్తగారూ పెళ్ళి కాని వగీహ్, మధ్యలో అద్దెకున్నవాళ్ళు, పైన మేము. మర్నాడు పొద్దున్నే వాడు నడకకు బయల్దేరాడో లేదో చూద్దామని దిగాను. కోపం ఇంకా తగ్గలేదు, ఇంకో నాలుగు తిట్టాలనే దిగాను. వీధి తలుపు దగ్గర వాడు ముక్కాలిపీట మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. పక్కన అత్తగారు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఫతీర్ రొట్టె పొరలు విడదీసి, కరిగించిన నేతిలో ముంచి, నల్లటి చెరుకుపాకం అద్ది, ముద్ద చేసి వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు తలెత్తలేదు. లేసు ముడి వేస్తూనే నోరు తెరిచాడు. నమిలాడు. ఆవిడ రెండో ముద్ద పెట్టింది. మళ్ళీ తెరిచాడు. తర్వాత మెంతి కషాయం గ్లాసు అందించింది, దాన్నిండా తేనె.

"తిను నా కాలేయమా," అంటోంది, మా తల్లులు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట అది. "తిను, కత్తికి ఎదురెళ్ళే ఒళ్ళు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చివరి నాలుగు మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆవిడ చేతిలో పళ్ళెం లాక్కుని వీధిలోకి విసిరేశాను. పళ్ళెం పగిలింది, పాకం గోడ నిండా పడింది.

"నిన్న నబీ మీద ఒట్టేశావు," అన్నాను వగీహ్‌తో. "అందరి ముందూ ఒట్టేశావురా."

వాడు నిజంగా తెల్లబోయాడు. అదే నన్ను ఇంకా మండించింది. "ఏం తిన్నాను వదినా?"

"నోట్లో ఉన్నదేంటి?"

"ఇదా?" వాడు చేత్తో నోరు తుడుచుకున్నాడు. "ఇది తిండా? అమ్మ చేతి ముద్ద. నేను బల్ల దగ్గర కూర్చోలేదు, పళ్ళెం పెట్టుకోలేదు. అమ్మ పెడితే కాదంటామా? ఇదీ లెక్కేనా?"

"ఆ మిషన్‌కి ఇది లెక్కే," అన్నాను. "ఇది తప్ప ఇంకేం లెక్క లేదు."

మెల్లగా అర్థమైంది వాడికి. మా ఇళ్ళలో మగపిల్లాడికి మీసాలొచ్చినా తల్లి చేయి నోటి దగ్గరికి వస్తే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. కనురెప్ప పడటాన్ని ఎవరైనా లెక్క పెట్టుకుంటారా? ఒట్టు వేసినప్పుడు వాడు అబద్ధం ఆడలేదు. వాడు లేచి, తల వంచుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. అంత జోరుగా వాడు నడవడం నేనెప్పుడూ చూడలేదు.

నేనూ అత్తగారూ మిగిలాం. ఆవిడ వంగి పళ్ళెం ముక్కలు ఏరుతోంది.

"మీరు తెలియక చేశారా అత్తయ్యా?" అన్నాను. నిజం చెప్పాలంటే ఆవిడకి ఒక దారి ఇస్తున్నాను. ఆపరేషన్‌కి ముందు బలం పట్టాలని పెట్టానమ్మా, ముసలిదాన్ని, నాకేం తెలుసు అంటే సరిపోయేది. తిట్టి ఊరుకునేదాన్ని.

ఆవిడ నిటారుగా నిలబడింది. "నాకు చెవుడు లేదు," అంది. "పది దాటితే కొయ్యరని డాక్టరమ్మ చెప్పింది. బాగానే వినపడింది."



"నీకు ఒక మొగుడు," అంది ఆవిడ. "నాకు ఇద్దరు కొడుకులు. ఒకడు పోతున్నాడని నాకు తెలుసు. వాడి మొహం చూస్తే తెలియదా? మా ఆయన మొహమూ చివర్లో ఇలాగే అయింది. రెండో వాణ్ణి కూడా అదే బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కోయించమంటావా? పొద్దున ఇద్దర్నీ లోపలికి పంపి, సాయంత్రానికి ఎంతమంది బయటికొస్తారో అని వరండాలో కూర్చోమంటావా? పై వీధి అతియాత్ కొడుకు ఇలాగే ఇచ్చాడు. ఇచ్చినవాడే పోయాడు. తీసుకున్నవాడు టీ కొట్టు దగ్గర కూర్చుని దొమినో ఆడుతున్నాడు."

"అందుకని రిఫాత్‌ని చంపేస్తారా?"

"నేను చంపట్లేదు. అల్లా తీసుకుంటున్నాడు. నేను మిగిలినవాణ్ణి కాపాడుకుంటున్నా."

"కాపాడటమా?" గొంతు చించుకుని అరిచాను. రెండో అంతస్తువాళ్ళు కిటికీ తెరిచారు. తెరుచుకోనీ అనుకున్నాను. "రిఫాత్‌కి ఈ రోగం ఎలా వచ్చిందో డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆ చెవులు ఏమయ్యాయి? ఆయన తాగాడా? వైరస్ ఉందా? కొవ్వు. చిన్నప్పటి నుంచి మీరు నోట్లో కుక్కిన నెయ్యీ, పాకమూ. కొడుకు పొట్ట చూసి మీరు మురిసిపోయారు, దిష్టి తీశారు. ఆ చేత్తోనే పెద్దవాణ్ణి ఇక్కడికి తెచ్చారు. ఆ చేత్తోనే చిన్నవాణ్ణి అదే దారిలో పెడుతున్నారు. ఇదా కాపాడటం?"

ఆవిడ చేతిలో పళ్ళెం ముక్క ఉంది. దాన్ని చూస్తూ నిలబడింది. అలా అన్నందుకు తర్వాత నేను బాధపడ్డానా అని మా చెల్లెలు అడిగింది. లేదు. ఇంకా గట్టిగా అనాల్సింది అనిపించింది.

ఆ రోజే వగీహ్ పరుపు పైకి తెచ్చి మా ముందు గదిలో వేశాను. కింద మంచినీళ్ళు కూడా తాగనని వాడే అన్నాడు. తల్లి ఎదురైతే మెట్ల మీద నోరు బిగించుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆవిడ కింద ఒక్కతే వండుకుని ఒక్కతే తినేది. నేను ఆవిడతో మాట్లాడలేదు. రిఫాత్‌కి ఏమీ చెప్పలేదు. వగీహ్ ఎందుకు పైకొచ్చాడంటే, "కింద దోమలున్నాయట" అన్నాను. ఆయన "ఊఁ" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రెండు నెలల్లో వగీహ్ బుగ్గలు లోపలికి పోయాయి. రిఫాత్ కూడా చిక్కిపోయాడు, పొట్ట తప్ప. మోటారు పంపు విప్పి మళ్ళీ బిగించే చేతులు చెంచా పట్టుకోలేక వణికేవి. ఒకసారి మా అమ్మాయి పేరు మర్చిపోయి, గుర్తొచ్చాక చాలాసేపు సిగ్గుపడ్డాడు. నేను దేవుణ్ణి ఏమీ కోరలేదు. దేవుడితోనే పోట్లాడాను. కుట్టుమిషన్ తొక్కుతూ తొక్కుతూ పోట్లాడాను.

మూడోసారి ఇద్దర్నీ ఒకే రోజు రమ్మన్నారు. తమ్ముడు సరిపోతే ఆపరేషన్ తేదీ పెట్టేస్తారు, దానికి ముందు అన్న కాలేయం కూడా మరోసారి చూడాలన్నారు. అత్తగారు పిలవకపోయినా వచ్చింది. మైక్రోబస్సులో వెనక సీట్లో కూర్చుంది. ఎక్కడికెళ్ళినా తిండి సంచీ లేకుండా వెళ్ళని మనిషి, ఆ రోజు వట్టి చేతులతో వచ్చింది. దొంగ పశ్చాత్తాపం అనుకున్నాను మనసులో.

వగీహ్ ముందు వెళ్ళాడు. వాడు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చేసరికి డాక్టర్ మొహ్గా నవ్వుతూ ఉంది. "నాలుగు," అంది. "ఇంత శుభ్రమైన కాలేయం నేను ఈ నెలలో చూడలేదు. ఎలా చేశావయ్యా?"

"మా వదిన తిట్లతో," అన్నాడు వాడు. నేను వాడి తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాను, అందరి ముందూ. అత్తగారి వైపు చూశాను కూడా. చూశారా అన్నట్టు చూశాను.

తర్వాత రిఫాత్ వెళ్ళాడు. ఆయనది చాలాసేపు పట్టింది. ఊపిరి బిగబట్టలేకపోతున్నాడని ఒక్కో బొమ్మ రెండేసి సార్లు తీశారు. డాక్టర్ మొహ్గా తెర ముందు కూర్చుని ఉంది. ఒక చోట ఆగింది. వెనక్కి వెళ్ళింది. ముందుకు వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఆమె మొహంలో నవ్వు పోవడం పక్కనే నిలబడి నేను చూశాను.

ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గట్టిపడిన కాలేయంలో గడ్డ పుట్టింది. పుట్టిన గడ్డ పెద్ద రక్తనాళంలోకి పాకింది. పోయినసారి లేదు. నాళంలోకి పోయాక కొత్త కాలేయం పెట్టినా ప్రయోజనం ఉండదు, గడ్డ దానిలోకీ వస్తుంది. ఏ ఆసుపత్రిలోనూ కొయ్యరు.

"నాది నాలుగే కదా డాక్టరమ్మా," అన్నాడు వగీహ్. "నాలుగు వచ్చింది కదా. తీసుకోండి."

ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"రెండు నెలల కింద అయితే?" అన్నాను నేను. "రెండు నెలల కింద ఇతనికి ఈ నాలుగు వచ్చి ఉంటే?"

ఆమె ఇబ్బందిగా కదిలింది. "అలా ఆలోచించకూడదమ్మా."

"నేను ఆలోచించడం లేదు, అడుగుతున్నాను."

"అప్పటికి నాళంలో లేదు," అంది ఆమె.

చాలు. నేను అత్తగారి వైపు తిరిగాను. ఏమేమి అనాలో అన్నీ నా నోటి దగ్గరే ఉన్నాయి. ఆవిడ నా మొహం చూసి, కొట్టబోతే పిల్లలు చేసినట్టు కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే నర్సు రిఫాత్‌ని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చింది. ఆయన అందరి మొహాలూ ఒకసారి చూశాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంటికి చేరాక ఆయన మెట్లెక్కలేదు. "కింద కూర్చుందాం," అన్నాడు. అత్తగారి గదిలో పొట్టి బల్ల దగ్గర చాప మీద దిండ్లు వేసి కూర్చోబెట్టాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వగీహ్ వీధి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు, లోపలికి రాలేదు.

"ఇప్పుడు చెప్తాను నీకు," అన్నాను రిఫాత్‌తో. "నీ తమ్ముడి కొవ్వు ఎందుకు పెరిగిందో తెలుసా? మీ అమ్మ ఏం చేసిందో తెలుసా?"

"తెలుసు," అన్నాడాయన.

"ఏం తెలుసు?"

"రోజూ పొద్దున్నే మెంతుల వాసన, నెయ్యి కాగే వాసన పైకి వచ్చేది. నాకు తిండి లేదు గానీ ముక్కుంది కదా." ఆయన నవ్వబోయి దగ్గాడు. "నా కోసం కాదని తెలుసు. మరి ఎవరి కోసం?"

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"ఏమని చెప్పను ఇన్సాఫ్? వాణ్ణి కొయ్యండి, నన్ను బతికించండి అని అమ్మతో నేను చెప్పాలా? ఆవిడ వాడికీ అమ్మే."

నాకు ఆయన మీద కూడా ఒళ్ళు మండిపోయింది. వీళ్ళందరికీ అమ్మ ఉంది, తమ్ముడు ఉన్నాడు, కొడుకులు ఉన్నారు. మరి నేను? రెండేళ్ళుగా ఉప్పు దాచిపెట్టి, మందులు మింగించి, టేపు పట్టుకుని, బతుకు బతుకు అని అందరి వెంటా పరిగెత్తిన దాన్ని నేనొక్కతినే. ఆయన కూడా నా పక్షాన లేడు. ఆ మాటే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నాను, మళ్ళీ పట్టుకున్నాడు.

"అమ్మా," అని పిలిచాడు. ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగింది. "ఆకలేస్తోంది. ఏముంది?"

"మొలోఖియా ఉంది," అంది ఆవిడ, వినపడీ వినపడనట్టు. "అన్నం ఉంది. నీకు ఉప్పు లేకుండా..."

"ఉప్పేసే తెచ్చి పెట్టు. నీ చేత్తో పెట్టు."

ఆవిడ గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూలబడింది. అన్నంలో ఆకుకూర పులుసు కలిపింది గానీ చెయ్యి ఎత్తలేదు. ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టినప్పటి నుంచి ఎవరికి ఏం పెట్టాలో ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతోంది, నోరు తెరవకుండా.

ఆవిణ్ణి నేను క్షమించలేదు. ఆ క్షణంలో కాదు, ఆ తర్వాతా కాదు. నా కోపం ఎక్కడికీ పోలేదు, ఇదిగో ఇది చెప్తున్నప్పుడు కూడా నాతోనే ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. పై అరలో ఉన్న ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టాను.

"పెట్టండి," అన్నాను.

ఆవిడ ఉప్పు చల్లి, కలిపి, ముద్ద చేసి ఎత్తింది. సగం చాప మీద జారిపడింది. రిఫాత్ కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు, అచ్చం తమ్ముడు తెరిచినట్టే. నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఇంకొంచెం ఉప్పు కావాలి," అన్నాడు.

నేనే వేశాను.